సిద్ శ్రీరామ్‌కే అన్ని మెలోడీలు యాల? తెలుగోళ్లు లేరా?

అనంత పిల్లోడు: గొంతు బాగుందప్పా, కాదనను. 2018లో ఇంకేం ఇంకేం వచ్చినప్పుడు మా క్లాక్ టవర్ కాడ ఏ సెల్ షాపులో చూసినా అదే మోత. కానీ పుట్టింది చెన్నై, పెరిగింది కాలిఫోర్నియా, ఇంట్లో తమిళం. మాట సగం మింగేస్తాడు, ఒత్తులు యాడికి పోతాయో తెలీదు. ఇంతమంది తెలుగు సింగర్లుండగా ఆయనకే ఎందుకియ్యల్ల?

కడప కారం: బయటోళ్లు పాడడం ఇప్పుడే మొదలైందా బా? ఏసుదాసు మలయాళీ, వాణీ జయరాం వేలూరామె, శంకరాభరణానికి నేషనల్ అవార్డు కొట్టింది.

అనంత పిల్లోడు: ఆమె ఒక్క అక్షరం తప్పు పాడిందేమో చూపించు మరి. నేననేదీ అదే కదా.

కీబోర్డు కర్నూలు: నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయిస్తా, ఇందులో ఒక మాట చెప్పల్ల. ఆయన పాటలంటే మా సింగర్లకు చెమటలే, ఆ గమకాలు ఊరికే రావు, వాళ్లమ్మ కర్ణాటక సంగీతం టీచరు, చిన్నప్పట్నుంచి ఆమె దగ్గరే నేర్చుకున్యాడు, దానిమీద బోస్టన్ బర్క్‌లీ కాలేజీ, మళ్ల ఆర్ అండ్ బీ అనే అమెరికా పాటల పిచ్చి, ఇవన్నీ కలిసి ఆ సాగదీసుడు వచ్చింది. రెహమాన్ పాడించిన మొదటి తమిళ పాట అడియే వినండి, సొంత భాషలోనూ అట్లే సాగదీస్తాడు. కాబట్టి సగం స్టైలు. మిగతా సగం, ఒత్తులు పోయేది, నిజమే. కానీ టేకు ఓకే చేసేది సింగరా? మ్యూజిక్ డైరెక్టర్ "మళ్లొకసారి" అంటే పాడక యాడికి పోతాడు? తిట్టేదుంటే ఆయన్ను తిట్టండి.

పెన్నా పాప: మన సీమ యాసేమో సినిమాల్లో సుమోలు లేపేటోళ్లకే పెడతారు, మనమేమో ఇక్కడ ఉచ్చారణ పోలీసులం 😄

అనంత పిల్లోడు: యాస వేరు, తప్పు వేరక్కా. ఇంగొకటి, 2023లో ఇంగ్లీషు ఆల్బం చేసినాడు, 2024లో అమెరికాలో కోచెల్లా మ్యూజిక్ ఫెస్టివల్ స్టేజీ ఎక్కినాడు. ఆయన మనసంతా ఆడుంది, తప్పేం లేదు. కూర్చోని తెలుగు నేర్చుకునే తీరికుంటాదా?

కడప కారం: నేర్చుకోకున్నా పిలిచి డబ్బులిస్తాండారు, ఇంగ యాల నేర్చుకుంటాడు?

కీబోర్డు కర్నూలు: రేపు నంద్యాలలో పెళ్లి ప్రోగ్రాం, లిస్టులో ఆయన పాడిన సామజవరగమన, శ్రీవల్లి రెండూ ఉన్నాయి. తీసేద్దామా అంటే పెళ్లికొడుకు అడ్వాన్సు వెనక్కి అడుగుతాడు.