ఎమర్జెన్సీలో దగ్గరి ఆసుపత్రికా, నేరుగా పెద్దాసుపత్రికా?

ప్రశ్న:
నాన్నకి డెబ్బై దాటాయి, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ప్రాంతీయ ఆసుపత్రి ఉంది, అన్ని స్పెషాలిటీలూ ఉన్న పెద్దాసుపత్రికి మాత్రం రెండు గంటలు పడుతుంది. దగ్గరిదానికి వెళ్తే చీటీ రాసి పెద్దదానికే పంపేస్తారు, టైమ్ దండగ, నేరుగా కారులో అక్కడికే పోవడం మేలని బంధువులంతా అంటున్నారు. నాకేమో ఆ రెండు గంటల దారి తలుచుకుంటేనే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రిడ్యూటీ:
నేను ఎమర్జెన్సీలో నర్సుని. మొహమాటం లేకుండా చెబుతున్నా, గుండెనొప్పి అయితే బంధువుల మాట వినకండి. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, అది ప్రాంతీయ ఆసుపత్రిలో అయ్యే పనే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని తేలితే, 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన రక్తనాళాన్ని బెలూన్‌తో తెరవడం) చేసే చోటికి చేర్చలేనప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి పంపుతారు. ఆ రెండు గంటలూ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుందండీ, కారులో కూర్చుంటే ఆగదు. రిఫర్ చేశారంటే ఏమీ చేయలేదని కాదు. ఆక్సిజన్ తగ్గితే పెట్టి, బీపీ నిలబెట్టి, అవతలి డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడి పంపడం కూడా వైద్యమే.

చిన్నకొడుకు:
గుండె సంగతి ఒప్పుకుంటా, పక్షవాతానికి మాత్రం ఇది అన్నిచోట్లా కుదరదు. అమ్మకి ఒకవైపు మూతి వంకరపోయి మాట తడబడితే దగ్గరిదానికే తీసుకెళ్లాం, రాత్రిపూట సీటీ స్కాన్ తీసేవాళ్లే లేరట, ఆ మాట చెప్పడానికే చాలాసేపు పట్టింది. మెదడులో రక్తం గడ్డ కట్టిందా, రక్తనాళం చిట్లిందా అన్నది స్కాన్ లేకుండా పైకి చూసి చెప్పలేరు. కరిగించే మందు 4.5 గంటల్లోపే ఇవ్వాలి, రక్తస్రావమైతే అదే మందు ప్రాణం తీస్తుంది. అందుకే ఇప్పుడే, నాన్నగారు బాగున్నప్పుడే వెళ్లి అడగండి: స్కాన్ రాత్రీపగలూ ఉంటుందా, ఆ మందు ఇస్తారా, ఆదివారం డాక్టర్ ఉంటారా. బోర్డు మీద రాసింది చూసి నమ్మకండి.

అంబులెన్స్ టెక్నీషియన్:
ఇద్దరూ చెప్పింది నిజమే, ఎక్కడికి తీసుకెళ్లాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. అందుకే సొంత కారు కంటే అంబులెన్స్ మేలు. ఏ ఆసుపత్రిలో ఏముందో మాకు తెలుస్తుంది, దారిలోంచే ఫోన్ చేస్తే అవతల స్కాన్ గది సిద్ధం చేస్తారు. కారులో గుండె ఆగిపోతే నడిపేవాళ్లేం చేస్తారు? గుండెకి కరెంట్ షాక్ ఇవ్వడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఇంట్లో ఒక్కరైనా సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం, నేర్చుకోండి, ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఫోన్ చేశాక మీరే పెట్టేయకండి, కంట్రోల్ రూమ్ వాళ్లు ఏం చేయాలో చెబుతూనే ఉంటారు. ఒకరు గేటు తీసి, లైట్లన్నీ వేసి, రోడ్డు మీద నిలబడితే మాకు ఇల్లు వెతుక్కునే పని తప్పుతుంది. ఆయన వాడే మందుల కాగితం, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రల పేర్లు, తలుపు పక్కనే అతికించండి. పక్షవాతమైతే చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు అన్నదే మేం మొదట అడిగేది. నిద్రలో వస్తే పడుకున్న టైమ్ చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. రేపే ఆసుపత్రికి వెళ్లి అన్నీ అడుగుతా. ఇంకొక్కటి. నాన్న దేనికైనా "గ్యాస్ పట్టేసింది, అదే తగ్గుతుంది" అంటారు. అప్పుడెలా?

రాత్రిడ్యూటీ:
షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటులో నొప్పి రాకపోవచ్చు కూడా. చల్లటి చెమటలు, ఆయాసం, వికారం, ఉన్నట్టుండి నీరసం, వీటిలో ఏది కనిపించినా ఆయన్ని అడగకుండానే అంబులెన్స్‌కి ఫోన్ చేసేయండి. మూతి వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా అంతే, అలాంటప్పుడు మాత్రం ఆస్పిరిన్ ఇవ్వద్దు, నీళ్లు కూడా తాగించద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.