రెండెకరాల తోటకు కడీల కంచె మేలా, ప్రీకాస్ట్ గోడ మేలా?

ప్రశ్న అడిగినవారు: వికారాబాద్ వైపు మాకు రెండెకరాల మామిడి తోట ఉంది. నేల సగం చల్క (ఎర్రని ఇసుక నేల), సగం నల్లరేగడి. మేము ఊళ్లో ఉండము కనుక కబ్జా భయం ఒకటి, అడవి పందుల బెడద మరొకటి. కొయ్య గుంజలకు అడ్డపట్టీలు బిగించిన దడి అందంగా ఉంటుందని మా అబ్బాయి అంటున్నాడు. మేస్త్రీ ప్రీకాస్ట్ గోడ, అంటే ముందే పోసిన కాంక్రీటు పలకలను స్తంభాల గాడుల్లో దించేది, కట్టమంటున్నాడు. ఏది మేలు?

మామిడి రైతు: కొయ్య దడిని చెదలు బతకనివ్వవు. రాతి కడీలే, అంటే నిలువుగా పాతే రాతి స్తంభాలే తీసుకోండి. ఏడడుగుల కడీని రెండడుగుల లోతున పాతి, ఎనిమిదేసి అడుగులకు ఒకటి చొప్పున నిలపాలి. తీగను బిగించేటప్పుడు లాగుడంతా మూల కడీ మీదే పడుతుంది కాబట్టి, దానికి రెండు వైపులా ఏటవాలుగా ఊత కడీలు పెట్టి కాంక్రీటు పోయించండి. పని త్వరగా ముగించాలనుకునే మేస్త్రీలు ముందుగా ఎగ్గొట్టేది దీన్నే. ముళ్ల తీగ పశువులను ఆపుతుంది గానీ పందిని ఆపదు. అది కింది వరుసను ముట్టెతో ఎత్తి దూరిపోతుంది; తెల్లవారి చూస్తే ముళ్లకు నాలుగు వెంట్రుకలు, లోపల తవ్వేసిన పాదులు కనిపిస్తాయి. కింద మూడడుగుల ఎత్తున చైన్‌లింక్ జాలీ కట్టి, దాని అంచును అరడుగు మట్టిలో పూడ్చి, పైన మూడు వరుసల ముళ్ల తీగ లాగితే సరిపోతుంది.

సివిల్ ఇంజినీరు: పందుల వరకు ఒప్పుకుంటాను. కబ్జాదారుడికి తీగ ఒక లెక్క కాదు, కట్టరుతో నిమిషాల్లో తెంచేస్తాడు. గోడను పడగొట్టాలంటే చప్పుడవుతుంది, నలుగురూ చూస్తారు.

మామిడి రైతు: రోడ్డు వైపు, అదీ చల్క నేలలో అయితే గోడ కట్టుకోవచ్చు. నల్లరేగడి మాత్రం వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పునాది లోతుగా లేని స్తంభాలు ఒరిగి, పలకలు గాడి తప్పుతాయి. పైగా వాలుకు అడ్డంగా గోడ లేస్తే వాన నీరంతా దాని వెనకే నిలిచి చివరకు గోడనే తోసేస్తుంది. తీగ కంచెకు ఆ బాధ లేదు.

విశ్రాంత సర్వేయరు: అన్నిటికంటే ముందు చుట్టుకొలత తేల్చుకోండి. రెండెకరాలు చతురస్రంగా ఉంటే అది సుమారు 1,180 అడుగులు; వంద అడుగుల వెడల్పున పొడవాటి పట్టీగా ఉంటే 1,940 అడుగులు దాటుతుంది. అంటే కడీలే 90కి పైగా ఎక్కువ పడతాయి. పొరుగు రైతుల సమక్షంలో కొలిపించి, హద్దురాళ్లు పాతించాకే గుంతలు తీయించండి. కంచె వేసినంత మాత్రాన ఆ భూమిపై హక్కు రాదు.

ప్రశ్న అడిగినవారు: పక్క చేను వారు తీగకు కరెంటు పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

మామిడి రైతు: లైను నుంచి నేరుగా కలపడం నేరం, దానివల్ల మనుషులే చనిపోయారు. సోలార్ కంచె వేరు: బ్యాటరీతో నడిచే యంత్రం క్షణకాలం మాత్రమే షాకు ఇచ్చి వదిలేస్తుంది. అయితే పచ్చగడ్డి పెరిగి తీగకు తగిలితే షాకు పదును తగ్గిపోతుంది, ఎప్పటికప్పుడు కోయించాలి. ఊళ్లో ఉండని మీకు అది కుదరదండి, జాలీయే వేయించండి.