అప్‌డేట్: పాత బాల్సా విమానం ఎట్టకేలకు ఎగిరింది

నాన్నగారి పాత రేడియో కంట్రోల్ మోడల్ విమానం (తేలికైన బాల్సా చెక్కతో చేసింది) నేల వదలగానే ముక్కు పైకెత్తి కూలిపోతోందని, లోపం ఎలివేటర్‌లో (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకలో) ఉందా అని ఇదివరకు అడిగాను. లోపం ఎలివేటర్‌ది కాదు, నాది. ముక్కులోని బరువైన గ్లో ఇంజన్ (ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్) తీసి తేలికపాటి ఎలక్ట్రిక్ మోటారు పెట్టడంతో గురుత్వ కేంద్రం, అంటే విమానం బరువు సరిగ్గా తూగే చోటు, వెనక్కి జరిగింది. క్లబ్బులో ఒక పెద్దాయన రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి లేపగానే తోక చతికిలబడింది. ఆయన ఏమీ అనలేదు, నవ్వారు. అది ఇంకా కష్టం! బ్యాటరీని ముక్కులోకి నెట్టి, కాస్త సీసం చేర్చి, కేంద్రాన్ని రెక్క ముందంచు నుంచి వెడల్పులో 30 శాతం దగ్గరికి తెచ్చాం. రిమోట్ సంకేతాలు అందుకునే పాత రిసీవర్ స్థానంలో 2.4 గిగాహెర్ట్జ్‌ది అమర్చాను. నిన్న సాయంత్రం ఆరు నిమిషాలు హాయిగా ఎగిరింది. దిగేటప్పుడు గడ్డిలో పల్టీ కొట్టి ప్రొపెల్లర్ విరిగింది, అది వేరే సంగతి.