సెటిల్ చేసుకున్న కార్డు వల్ల సిబిల్ పడిపోయింది: ఎఫ్‌డీ మీద క్రెడిట్ కార్డు తీసుకుంటే బాగుపడుతుందా?

కొత్తఖాతా

2021లో ఒక క్రెడిట్ కార్డు బాకీ సెటిల్ అయింది. 82,000 ఉంటే 45,000 కట్టించుకుని మిగతాది వదిలేశారు. రిపోర్టులో ఆ ఖాతా ఇప్పటికీ 'సెటిల్డ్' అనే చూపిస్తోంది, స్కోరు 598. మామూలు కార్డు ఎవరూ ఇవ్వట్లేదు. జీతం ఖాతా ఉన్న బ్యాంకులో అడిగితే ఎఫ్‌డీ వేయండి, దాని మీద కార్డు ఇస్తాం అన్నారు. రెండేళ్లలో ఇంటి లోనుకి వెళ్లాలి.

ఎఫ్‌డీ ఎంత వేస్తే మంచిది? నెలకి ఎంత వాడాలి? డబ్బు ఎలాగూ వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కట్టుకుంటూ పోతే సరిపోతుందా? ఒక్కోసారి ఆలస్యమైనా ఎఫ్‌డీలోంచి తీసుకుంటారు కదా? స్కోరు ఎన్నాళ్లకి కదులుతుంది?

వడ్డీలెక్క

మీ నాలుగో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కార్డు తీసుకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ఎఫ్‌డీ బ్యాంకు డబ్బుకి హామీ. మీ స్కోరుకి కాదు. మీరు కట్టకపోతే బ్యాంకు వెంటనే ఎఫ్‌డీ ముట్టుకోదు. ముందు ఆలస్య రుసుము వేస్తుంది, వడ్డీ వేస్తుంది, బకాయి ఉన్నన్ని రోజులూ ఆ సంగతి బ్యూరోలకి (సిబిల్ లాంటి, అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలకి) పంపుతుంది. చివరికి ఎఫ్‌డీని రద్దు చేసి జమ చేసుకున్నా అప్పటిదాకా నమోదైన ఆలస్యం చెరిగిపోదు. తాకట్టు బంగారం వేలంలో పోయినంత మాత్రాన వాయిదాలు సమయానికి కట్టినట్టు అవుతుందా? ఇదీ అంతే.

రిపోర్టులో నెలనెలా డీపీడీ అని ఒక గడి ఉంటుంది, గడువు దాటి ఎన్ని రోజులైందో అందులో పడుతుంది. అక్కడ 000 ఉండాలి. ఆర్‌బీఐ 2022 నిబంధనల ప్రకారం గడువు దాటి 3 రోజులకి మించితేనే బ్యాంకు ఆలస్యంగా చూపించాలి, ఆలస్య రుసుము వేయాలి. కానీ 3 రోజులు దాటిందంటే లెక్క అసలు గడువు తేదీ నుంచే మొదలవుతుంది. ఆ మూడు రోజుల్ని సెలవులా వాడుకోకండి.

ఇక మినిమమ్ డ్యూ. అది కడితే డీపీడీ 000గానే ఉంటుంది, నిజమే. కానీ జేబుకి చిల్లు. బిల్లు 6,000, మినిమమ్ 5 శాతం అంటే 300 కట్టారనుకోండి. నెలకి 3.5 శాతం చొప్పున మిగిలిన 5,700 మీద వడ్డీయే దాదాపు 200, దాని మీద 18 శాతం జీఎస్‌టీ ఇంకో 36. అంటే కట్టిన 300లో అసలుకి పోయింది 64 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఎఫ్‌డీ మీద ఇచ్చిన కార్డుకి కొన్ని బ్యాంకులు వడ్డీ తగ్గిస్తాయి, అయినా మీ ఎఫ్‌డీకి వచ్చే వడ్డీతో పోలిస్తే అది చాలా ఎక్కువే. ఏటీఎంలో ఈ కార్డు అసలు పెట్టకండి. విత్‌డ్రా చేసిన క్షణం నుంచే వడ్డీ, పైన రుసుము.

ఎఫ్‌డీ ఎంత అన్నదానికి వెనక నుంచి లెక్క వేయండి. ప్రతి నెలా ఎలాగూ చేసే ఖర్చుల్లో కార్డు మీదికి మార్చగలిగేవి చూడండి: కరెంటు బిల్లు, ఫోన్ రీఛార్జి, పెట్రోలు. అవి 5,000 అయితే లిమిట్ కనీసం 17,000 ఉండాలి, అప్పుడు వాడకం (లిమిట్‌లో ఎంత వాడారన్నది) స్కోరుకి ఇబ్బంది లేకుండా 30 శాతం లోపు ఉంటుంది. లిమిట్ సాధారణంగా ఎఫ్‌డీలో 75 నుంచి 100 శాతం మధ్య ఇస్తారు. కాబట్టి 20,000–25,000 ఎఫ్‌డీ చాలు. లక్ష వేస్తే స్కోరు నాలుగు రెట్లు వేగంగా ఏమీ పెరగదు. అత్యవసరానికి దాచుకున్న డబ్బు మాత్రం ఇందులో పెట్టొద్దు. కార్డు మూసేదాకా ఆ ఎఫ్‌డీ మీద లీన్ (బ్యాంకు తాకట్టు హక్కు) ఉంటుంది, మధ్యలో బద్దలుకొట్టలేరు.

ఎఫ్‌డీ వేసేటప్పుడు ఆటో రెన్యువల్ పెట్టించండి. పన్ను మినహాయింపు కోసం వేసే 5 ఏళ్ల ఎఫ్‌డీ పనికిరాదు, దాన్ని తాకట్టు పెట్టడం కుదరదు. వడ్డీ మామూలుగానే వస్తుంది, దాని మీద పన్ను కూడా మామూలే.

రసీదుదాచు

పైన చెప్పినవి అన్నీ సరే. స్టేట్‌మెంట్ తేదీ సంగతి కలుపుతున్నాను, చాలామంది గడువు తేదీ ఒక్కటే చూసుకుంటారు.

కార్డుకి రెండు తేదీలు. స్టేట్‌మెంట్ 5న తయారవుతుంది, కట్టాల్సిన గడువు 25 అనుకుందాం. బ్యూరోకి సాధారణంగా వెళ్లేది స్టేట్‌మెంట్‌లో కనిపించే బాకీ. లిమిట్ 20,000 ఉన్న కార్డు మీద 18,000 పెట్టి ఫోన్ కొన్నారు, 25వ తేదీ లోపు పైసాతో సహా కట్టేశారు. వడ్డీ పడలేదు, ఆలస్యం లేదు. అయినా 5వ తేదీ బిల్లులో 18,000 ఉంది కాబట్టి రిపోర్టులో వాడకం 90 శాతం. చిన్న లిమిట్ కార్డుల్లో ఇది తరచూ జరుగుతుంది, 'అన్నీ సమయానికే కట్టినా స్కోరు పడిపోయింది' అనేవాళ్లలో చాలామందిది ఇదే కథ.

పెద్ద కొనుగోలు తప్పకపోతే స్టేట్‌మెంట్‌కి రెండు మూడు రోజుల ముందే చాలావరకు కట్టేయండి. 2న 15,000 కడితే 5న బిల్లు 3,000కే వస్తుంది. అది మళ్లీ 25 లోపు కట్టాలి, మర్చిపోవద్దు. ముందుగా కట్టింది బిల్లు తయారయ్యాక దానికి జమ కాదు, దాన్ని తగ్గించి మిగిలినదే బిల్లు. అలాగని ప్రతిసారీ బిల్లు సున్నా చేసేయక్కర్లేదు. నాలుగైదు వందలో వెయ్యో బిల్లు పడి, అది పూర్తిగా కట్టినట్టు కనిపిస్తే హాయి.

ఆటో డెబిట్ పెట్టండి. ఫారంలో 'మినిమమ్' అనీ 'టోటల్' అనీ రెండు గళ్లు ఉంటాయి, టోటల్‌కే టిక్ పెట్టారో లేదో సంతకం చేసే ముందు చూసుకోండి. మొదటి బిల్లుకి ఆటో డెబిట్ పనిచేయకపోవచ్చు, నమోదు కావడానికి సమయం పడుతుంది. ఆ నెల చేత్తో కట్టండి. వేరే బ్యాంకు ఖాతా నుంచో యాప్ నుంచో కడితే జమ పడడానికి ఒకట్రెండు రోజులు పట్టే సందర్భాలు ఉన్నాయి, అందుకే 25 అంటే 22 అనుకోవాలి.

ఇంకో గొయ్యి వార్షిక రుసుము. కార్డు వాడకుండా పక్కన పెట్టారు, ఏడాది తిరిగేసరికి 500 రుసుము, 18 శాతం జీఎస్‌టీతో 590 బిల్లు పడింది. బిల్లు వచ్చిన మెయిల్ ఎవరూ తెరవలేదు. 590 రూపాయలకి డీపీడీ పడితే రిపోర్టులో అది 59,000 బాకీకి పడ్డ డీపీడీ లాగే కనిపిస్తుంది. జీవితకాలం ఉచితం అన్న కార్డే తీసుకోండి, అదీ కాగితం మీద చూసుకుని.

కొత్తఖాతా

థాంక్సండీ, స్టేట్‌మెంట్ తేదీ సంగతి నాకసలు తెలీదు. ఒక యాప్‌లో 2,000 వేస్తే కార్డు ఇస్తామంటున్నారు, అది చాలదా? మరి ఆ పాత సెటిల్డ్ ఖాతాని ఏం చేయాలి? కొత్త కార్డు బాగా నడిస్తే అది దానంతటదే పోతుందా?

పాతఫైలు

పోదండీ. కొత్త కార్డు పక్కన మంచి చరిత్ర పేరుస్తుంది, పాత ముద్రని తుడవదు. బ్యూరోలు సమాచారాన్ని కనీసం 7 ఏళ్లు ఉంచాలన్నది నిబంధన. కాబట్టి రెండేళ్లలో ఇంటి లోను అంటే ఆ ఫైలు చూసే బ్యాంకు అధికారికి 'సెటిల్డ్' కంటబడే అవకాశం ఎక్కువ. స్కోరు 740 ఉన్నా ఆ ఒక్క మాట దగ్గర ఆగి ప్రశ్నలు అడిగే బ్యాంకులున్నాయి.

అందుకని నా సలహా: ఎఫ్‌డీ కార్డు ఒక పక్క, పాత ఖాతా పని ఇంకో పక్క, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. పాత బ్యాంకుకి రాతపూర్వకంగా అడగండి: వదిలేసిన మొత్తం కడితే ఖాతాని 'క్లోజ్డ్' అని మార్చి బ్యూరోలకి పంపుతారా, మొత్తం ఎంత? మీ లెక్కలో 37,000, వాళ్ల లెక్కలో వేరే ఉండొచ్చు, బేరం ఆడొచ్చు. జవాబు మెయిల్లోనో ఉత్తరంలోనో వచ్చాకే కట్టండి. ఫోన్లో వసూలు ఏజెంటు చెప్పిన మాట మీద కట్టొద్దు, ఏజెంటు సొంత ఖాతాకి రూపాయి కూడా పంపొద్దు. బాకీని ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి (మొండి బాకీలు కొనే ఏఆర్‌సీకి) అమ్మేసి ఉంటే ఉత్తరం ఇవ్వాల్సింది ఆ కంపెనీయే, బ్యాంకు కాదు. ముందు ఆ సంగతి తేల్చుకోండి.

కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) తీసుకోండి. రెండు నెలలైనా రిపోర్టు మారకపోతే సిబిల్ సైటులో లాగిన్ అయి ఆ ఖాతా మీద డిస్ప్యూట్ వేయండి, డబ్బు కట్టక్కర్లేదు. సిబిల్ తనంతట తాను మార్చదు, బ్యాంకుని అడిగి వాళ్లు ఒప్పుకుంటేనే మారుస్తుంది. 30 రోజుల్లో ఫిర్యాదు తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2023లో ఆదేశించింది. బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోయినా, జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. అక్కడా ఉచితమే.

'మీ సిబిల్ 15 రోజుల్లో 800 చేస్తాం' అని డబ్బు అడిగేవాళ్లు చేసేది కూడా ఈ డిస్ప్యూటే. మీ ఓటీపీలు తీసుకుని.

వడ్డీలెక్క

@పాతఫైలు, ఒక్క చోట తేడా. 37,000 కట్టడానికి అప్పు చేయాల్సి వస్తే, లేదా ఇంటి లోనుకి మీ చేతి నుంచి పెట్టాల్సిన మార్జిన్ డబ్బు తగ్గిపోతుందంటే తొందరపడక్కర్లేదు. ముందు ఏడాది శుభ్రమైన చరిత్ర రానివ్వండి. లోను దరఖాస్తుకి ఆరు నెలల ముందు కట్టి సరిచేయించుకున్నా నడుస్తుంది. అంతకన్నా ఆలస్యం చేస్తే మాత్రం రిపోర్టు మారే లోపు దరఖాస్తు తేదీ వచ్చేస్తుంది.

యాప్ కార్డు గురించి: అది ఒక బ్యాంకు ఇచ్చే క్రెడిట్ కార్డా, లేక ప్రీపెయిడ్ కార్డా అన్నది చూడండి. ప్రీపెయిడ్ అయితే అప్పే లేదు కాబట్టి రిపోర్టులో ఖాతాయే తెరుచుకోదు, స్కోరుకి దమ్మిడీ ఉపయోగం లేదు. నిజంగా ఎఫ్‌డీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డే అయితే ఎఫ్‌డీ ఏ బ్యాంకులో పడుతోందో చూడండి, రసీదు మీ పేరుతో రావాలి. అప్పుడు కూడా 2,000 లిమిట్‌తో ఇబ్బందే, ఒక్కసారి పెట్రోలు కొట్టిస్తే 50 శాతం దాటిపోతుంది.

దరఖాస్తు ఒక్కచోటే పెట్టండి. ప్రతి దరఖాస్తుకీ రిపోర్టులో ఎంక్వయిరీ (అప్పు కోసం బ్యాంకు మీ రిపోర్టు చూసిందన్న నమోదు) పడుతుంది. మీ రిపోర్టు మీరు చూసుకుంటే ఏమీ తగ్గదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. స్కోర్లు నాలుగింట్లో నాలుగు రకాలుగా ఉంటాయి, దానికి కంగారు పడొద్దు. ఖాతాల వివరాలు సరిగ్గా ఉన్నాయా అన్నదే చూడండి.

ఎన్నాళ్లకి కదులుతుందన్నదానికి నెలకి ఇన్ని పాయింట్లని చెప్పేవాళ్లని నమ్మకండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి సమాచారం పంపాలి కాబట్టి కార్డు రిపోర్టులో త్వరగానే కనిపిస్తుంది. మొదట్లో కొత్త ఖాతా, ఎంక్వయిరీ వల్ల నాలుగు పాయింట్లు తగ్గినా తగ్గొచ్చు. ఆరు నెలల వరుస 000ల తర్వాత కదలిక, ఏడాది తర్వాత మామూలు కార్డు అడగడానికి ముఖం చెల్లడం, అలా అనుకోండి.

రసీదుదాచు

మామూలు కార్డు రాగానే ఎఫ్‌డీ కార్డు మూసేయాలన్న ఆత్రం వద్దు. ఇంటి లోను మంజూరయ్యేదాకా ఉంచండి, మొత్తం లిమిట్ పెద్దదిగా ఉంటే వాడకం శాతం తక్కువగా కనిపిస్తుంది.

మూసేటప్పుడు ముందు దాని మీద పెట్టిన ఆటో పేమెంట్లన్నీ వేరే కార్డుకి మార్చండి, ఓటీటీ చందా ఒక్కటి మిగిలిపోయినా మూసివేత ఆగుతుంది. బాకీ సున్నా అయ్యాక రాతపూర్వకంగా అడగండి. 7 పనిదినాల్లో మూయకపోతే, బాకీ లేకుంటే, మూసేదాకా రోజుకి 500 చొప్పున బ్యాంకు మీకు కట్టాలి. లీన్ ఎత్తేయడం వేరే పని, దానికి విడిగా అడగాల్సి రావొచ్చు. నెట్ బ్యాంకింగ్‌లో ఎఫ్‌డీ వివరాలు తెరిస్తే లీన్ మొత్తం సున్నా అని కనిపించాలి. అది చూశాకే కార్డు ముక్కలు చేయండి.