మూడేళ్ల జీఎన్‌ఎమ్మా, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగా?

రాజోలు రైతు:
మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసి, బీఎస్సీ నర్సింగే చదువుతానంటోంది. రెండెకరాల కొబ్బరి తోట రాబడితో నాలుగేళ్లు చదివించే కంటే, మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎమ్‌లో చేర్పిస్తే ఉద్యోగం వచ్చాక, డిప్లొమా నర్సులకు డిగ్రీ ఇచ్చే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ తానే చదువుకుంటుందని మా బావమరిది అంటున్నాడు. వార్డులో ఇద్దరూ ఒకే పని చేస్తున్నప్పుడు ఆ ఒక్క ఏడాదికి అంత విలువ ఉంటుందా?

పాలకొల్లు స్టాఫ్ నర్సు:
మీ బావమరిది గారి లెక్క ప్రకారం డిగ్రీ చేతికి వచ్చేసరికి ఐదేళ్లవుతుంది. జీతం మొదలయ్యాక దాన్ని వదులుకుని మళ్లీ కాలేజీకి వెళ్లడం ఎంత కష్టమో జీఎన్‌ఎమ్ చదివిన నాకు తెలుసు. పదకొండేళ్లయినా ఆ రెండేళ్లు నాకు దొరకలేదు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి జరిపే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ వారు నర్సుగా రిజిస్టరయితే చాలు, దరఖాస్తు చేసుకోవచ్చు. మా జీఎన్‌ఎమ్ వారికైతే కనీసం 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్ల అనుభవం కూడా ఉండాలి. ఎమ్మెస్సీ చదివి పాఠాలు చెప్పాలన్నా ముందు డిగ్రీ ఉండవలసిందే.

అమలాపురం మేనమామ:
పై సోదరి చెప్పినవన్నీ నిజమే కానీ, డిగ్రీ అన్నంత మాత్రాన అన్ని డిగ్రీలూ ఒకటి కావు. నా మేనకోడలు మన ప్రాంతంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్లు చదివింది. అనుబంధ ఆసుపత్రిలో రోగులు లేకపోవడంతో, చేయని డ్యూటీలకు హాస్టల్ గదిలో కూర్చుని రికార్డులు రాసింది. తొలి ఉద్యోగంలో చేరిన నాడు ఒక ముసలాయనకు క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టబోతే చేతులు వణికాయని చెప్పి ఏడ్చింది. 2021లో భారత నర్సింగ్ మండలి ఈ కోర్సును 8 సెమిస్టర్లుగా మార్చింది. తరగతులకు 80 శాతం హాజరు చాలు గాని, డిగ్రీ ఇవ్వాలంటే క్లినికల్ డ్యూటీలు నూటికి నూరు శాతం పూర్తి కావాలన్నది నిబంధన. రోగులే లేని వార్డులో ఆ నూరు శాతానికి అర్థమేమిటి? విదేశాలకు వెళ్లాలంటే డిగ్రీ ఉండి తీరాలని చాలామంది అంటారు గాని, ఆ మాట కూడా పూర్తిగా సరికాదు. ఇంగ్లీషు పరీక్షలోనూ, అక్కడివారు పెట్టే నైపుణ్య పరీక్షలోనూ నెగ్గిన జీఎన్‌ఎమ్ నర్సులు బ్రిటన్‌లో పనిచేస్తున్నారు. కాబట్టి పేరున్న బోధనాసుపత్రిలో జీఎన్‌ఎమ్ సీటు వస్తే, ఖాళీ వార్డుల కాలేజీలో బీఎస్సీ కంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

పాలకొల్లు స్టాఫ్ నర్సు:
ఖాళీ వార్డుల గురించి మీతో ఏకీభవిస్తాను. మా ఆసుపత్రికి కొత్తగా వచ్చే పిల్లల్లో ఎవరు రోగుల మధ్య చదివారో, ఎవరు రికార్డుల మధ్య చదివారో మొదటి వారంలోనే తెలిసిపోతుంది. అయితే ఆ జబ్బు బీఎస్సీకే పరిమితం కాదు. అలాంటి జీఎన్‌ఎమ్ బడులూ ఉన్నాయి. అందుకని డిగ్రీని వదులుకోమనడం నాకు నచ్చదు, కాలేజీని మార్చుకోమంటాను. కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఖర్చు భారమూ తగ్గుతుంది.

రాజోలు రైతు:
వార్డుల సంగతి నాలాంటివాడికి ఎలా తెలుస్తుందండీ? అడిగితే ఆఫీసులో రంగుల పుస్తకం చేతిలో పెడతారు.

పాలకొల్లు స్టాఫ్ నర్సు:
ఉదయం ఓపీ దగ్గర జనాన్ని చూసి నమ్మకండి. సాయంత్రం ఏడు గంటలకు, చూపులకు వచ్చిన బంధువులా లోపలికి వెళ్లి ఎన్ని పడకల మీద మనుషులున్నారో లెక్కపెట్టండి. తర్వాత మీ అమ్మాయిని హాస్టల్‌కు పంపి, ఆఖరి ఏడాది పిల్లలను ఒక్క ప్రశ్న అడగమనండి: స్వయంగా ఎన్ని కాన్పులు చేశారని.