స్టార్ ట్రెక్ మొదటి సీజన్ మళ్లీ చూసేటప్పుడు: ప్రసారమైన వరుసా, తీసిన వరుసా?

నక్షత్రధూళి:
అంతరిక్ష ఓడ సిబ్బంది కథలు చెప్పే అమెరికన్ టీవీ ధారావాహిక, పాత స్టార్ ట్రెక్ మొత్తం 79 ఎపిసోడ్లూ మళ్లీ చూస్తూ ఒక్కోదానికీ సమీక్ష రాయాలని కూర్చున్నాను. ఎన్‌బీసీ ఛానల్ ప్రసారం చేసిన వరుస పక్కనపెట్టి, తీసిన వరుసలోనే చూడాలని నా పట్టుదల. 1966 సెప్టెంబరు 8న మొట్టమొదట వచ్చిన 'ద మ్యాన్ ట్రాప్' నిజానికి, పైలట్లు (ఛానల్‌ను ఒప్పించడానికి ముందుగా తీసిన నమూనా ఎపిసోడ్లు) రెండూ కలుపుకుంటే, ఆరోసారి తీసినది. రెండో పైలట్ ఏమో ప్రసారంలో మూడో వారానికి వెళ్లింది. దాంతో రెండు వారాలు ఓడ డాక్టర్ మెకాయ్‌కి అలవాటు పడిన ప్రేక్షకుడికి మూడో వారం ఎవరో వయసు మళ్లిన డాక్టర్ ఎదురవుతాడు. ఓడలో సమాచార సంబంధాలు చూసే ఉహూరా జాడే ఉండదు. దుస్తులు వేరు. కెప్టెన్ తర్వాతి అధికారి స్పాక్ అరిచినట్టు మాట్లాడతాడు. సమాధి రాయి మీద కెప్టెన్ పేరు 'జేమ్స్ ఆర్. కిర్క్' అని చెక్కి ఉంటుంది. మనం ఎరిగినది జేమ్స్ టి. కిర్క్. వీటిని తప్పుల పట్టికలో వేసి మార్కులు కోసే సమీక్షలు చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఒక కథాప్రపంచం అప్పుడప్పుడే కుదురుకుంటున్న గుర్తులవి.

పాతరీలు:
నక్షత్రధూళి గారూ, మీరు సమీక్షించబోయేది స్టూడియో పనుల చిట్టా అవుతుంది, ధారావాహిక కాదు. 'మ్యాన్ ట్రాప్' మొదటి సన్నివేశం గుర్తు చేసుకోండి. మెకాయ్ తన పాత ప్రేయసిని చూడడానికి వెళ్తాడు. అతని కళ్లకు ఆమె ఆనాటి వయసులోనే ఉంటుంది. కిర్క్‌కు నెరిసిన జుట్టుతో కనిపిస్తుంది. వెంట వచ్చిన మూడో మనిషికి ఆమె అసలు వేరే స్త్రీ. ముగ్గురూ ఒకే గదిలో, ఒకే మనిషి ముందు నిలబడి ఉన్నారు! ప్రేక్షకులు ఈ సిరీస్‌లోకి అడుగుపెట్టిన గుమ్మం అది. దాన్ని నాలుగైదు ఎపిసోడ్ల వెనక్కి నెడితే ఆ మొదటి ఉలికిపాటు ఎలా అంచనా వేస్తారు?

మూడో గ్రహం:
నేను తీసిన వరుస వైపే. సెప్టెంబరులో ఎర్ర దుస్తుల్లో చూసిన ఉహూరా అక్టోబరు 13న 'మడ్స్ విమెన్'లో పసుపు దుస్తుల్లో వస్తుంది, నవంబరు 10న 'ద కార్బొమైట్ మనూవర్'లో మళ్లీ పసుపే. పైలట్ల తర్వాత మొదట తీసినవి ఈ రెండే అని తెలిస్తే చిక్కు విడిపోతుంది. తెలియకపోతే, ఓడలో దుస్తుల రంగు ఉద్యోగ విభాగాన్ని చెబుతుంది కాబట్టి, ఆమె ఉద్యోగం మారిందేమో అనుకుంటాం.

పాతరీలు:
ఆనాటి ఇళ్లలో చాలావాటిలో ఉన్నవి నలుపు తెలుపు టీవీలు. ఎరుపూ పసుపూ తేడా ఎంతమంది చూసి ఉంటారు? అసలు నా అభ్యంతరం 'ద మెనాజరీ' దగ్గర. ఛానల్ కాదన్న తొలి పైలట్‌ను లోపల పొదిగి, నవంబరు 17, 24 తేదీల్లో రెండు భాగాలుగా వేశారు. స్పాక్ అంతటివాడు ఓడను ఎందుకు దారి మళ్లించాడు, ఈ కెప్టెన్ పైక్ ఎవరు అన్న ఉత్కంఠ మీదే కథంతా నడుస్తుంది. మీ వరుస ప్రకారం తొలి పైలట్ ముందే చూసేస్తే అందులో దాచడానికి ఏమీ మిగలదు.

వంతెన కాపలా:
వరుస కంటే, తర్వాతి సంగతులు తెలిసి రాయడం పెద్ద సమస్య అని నాకు అనిపిస్తుంది. 'ద ఎనిమీ విదిన్'లో, మనుషుల్ని ఓడ నుంచి గ్రహం మీదికి క్షణాల్లో పంపే ట్రాన్స్‌పోర్టర్ యంత్రం చెడిపోతుంది. కింద గ్రహం మీద ఓడ అధికారి సులూ బృందం గడ్డకట్టే చలిలో ఫేజర్ అనే కిరణాయుధంతో రాళ్లు కాల్చి వెచ్చబెట్టుకుంటుంది. షటిల్ అనే చిన్న ఓడను పంపొచ్చు కదా అని ఇవాళ అందరం అడుగుతాం. షటిల్ మొదట తెర మీదికి వచ్చింది 1966 నవంబరు 17న, 'ద మెనాజరీ' మొదటి భాగంలో. ఏ వరుసలో చూసినా అది ఆ తర్వాతే. ఇంకా పుట్టని వాహనాన్ని పంపలేదని కథను తప్పుపట్టడం న్యాయం కాదు.

నక్షత్రధూళి:
పాతరీలు గారూ, 'మెనాజరీ' విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. తొలి పైలట్ పూర్తిగా టీవీలో వచ్చిందే 1988లో కాబట్టి దాన్ని చివరికి ఉంచుతాను. మిగతావాటికి మాత్రం తీసిన వరుసే. సీజన్ ఆఖరి రెండు ఎపిసోడ్లు ఎటు చూసినా అవే, కనుక అక్కడ ఎలాగూ కలుస్తాం. 'కార్బొమైట్' నిన్న రాత్రి చూశాను. ఇది చదరంగంలో ఆటకట్టు లాంటిదని స్పాక్ చేతులెత్తేస్తాడు. కిర్క్ ఒక్క క్షణం ఆగి, చదరంగం కాదు, పేకాట అంటాడు. లేని ఆయుధం ఉందని బెదిరించి ఓడను కాపాడతాడు. రెండో పైలట్ చూసిన వెంటనే ఇది చూస్తే, ఆ ఇద్దరి మధ్య మాట తీరు ఎంత త్వరగా కుదిరిందో తెలుస్తుంది. తొమ్మిది వారాల ప్రసారం తర్వాత చూసినప్పుడు నేనది గమనించనే లేదు.

పాతరీలు:
రాయండి, తప్పకుండా చదువుతాను. నేను 'మ్యాన్ ట్రాప్' నుంచే మొదలుపెడుతున్నాను. 'మెనాజరీ' దగ్గరికి ఇద్దరం వచ్చాక పక్కపక్కన పెట్టి పోల్చుదాం.