వేలిముద్ర చూసి పిల్లలకు పళ్లు పుచ్చుతాయో లేదో చెప్పొచ్చా?

పాలపన్ను: గర్భంలో 10–11 వారాలకు మొదలై 19 వారాల లోపు వేలి గీతలు స్థిరపడతాయి. పాలపళ్ల ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) 14వ వారం ప్రాంతంలో గట్టిపడటం మొదలవుతుంది. రెండూ ఎక్టోడెర్మ్ అనే పిండం పైపొర నుంచి వచ్చేవే. అప్పుడు ఏ తేడా జరిగినా రెండింటి మీదా జాడ ఉండాలి. పళ్లు రాకముందే ముద్ర తీసుకోవచ్చు. అంగన్‌వాడీల్లో తీస్తే తప్పేంటి?

లెక్కలమాస్టారు: జాడ ఉండొచ్చనడం వేరు, ఉందని చూపడం వేరు. పళ్లు పుచ్చిన పిల్లల వేలిముద్రల్లో సుడులు (గుండ్రంగా తిరిగే గీతలు) ఎక్కువని కొన్ని వ్యాసాలు, తేడాయే లేదని కొన్ని. పైగా 50 మంది పిల్లల వేళ్లను 500 నమూనాలుగా లెక్కేస్తే ఎలా? ఒకే బిడ్డ వేళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. లెక్క బిడ్డకు ఒకటే.

సుధ_పెడో: అసలు ముద్ర సరిగా తీస్తేగా! చెయ్యి సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఇంకు పలచగా రాసి, గోరు ఈ అంచు నుంచి ఆ అంచుకు వేలిని ఒక్కసారే దొర్లించాలి. గట్టిగా నొక్కితే గీతలు కలిసిపోతాయి. సగం దొర్లిస్తే ఒక డెల్టా, అంటే గీతలు మూడు వైపులా చీలే చోటు, పడదు; రెండు డెల్టాలుండే సుడి కాస్తా ఒక్కటే ఉండే లూపుగా (వచ్చిన వైపే వంగి మళ్లే గీతలుగా) నమోదవుతుంది. మూడేళ్ల పిల్లలు చెయ్యి కదపకుండా ఉంటారా? ముద్ర చదివేవాళ్లకు ఆ బిడ్డ పళ్ల సంగతి తెలియకూడదు కూడా.

వెంకట్: తెలివి పరీక్షలని ముద్రలు తీసి డబ్బు గుంజేవాళ్లకు ఇంకో దారి దొరికినట్టే.

పాలపన్ను: బాగా తీయడం నేర్పిద్దాం.

లెక్కలమాస్టారు: పది వేళ్ల లెక్కకు జవాబు రాలేదండీ.

పాలపన్ను: ఎంతసేపూ పది వేళ్లేనా మీకు! పై ముందుపళ్ల చిగురు దగ్గర తెల్లమచ్చ (పుచ్చుకు తొలి గుర్తు) కనిపిస్తే చాలు, రాత్రి పాలసీసా పెట్టావా అని తల్లిని అందరి ముందూ నిలదీస్తున్నారు. కొందరికి ఎనామిల్ పుట్టుకతోనే బలహీనం. ఆ నింద పోవాలనే నా పట్టంతా.

సుధ_పెడో: ఆ మాట మొదటే అనాల్సింది. ఎనామిల్ బలహీనమైతే పంటి మీదే గుంతలు, గరుకు కనిపిస్తాయి. నెలలు నిండకుండా పుట్టిందా, పుట్టినప్పటి బరువెంత అని అడగండి. ముద్ర దేనికి?

రమణి_సూపర్‌వైజర్: పాలపళ్లేగా ఊడిపోతాయిలే అని ఇప్పటికే అంటున్నారు. పుట్టుకతో వచ్చిందంటే బ్రష్ కూడా మానేస్తారు. మాకు పెదవి ఎత్తి, పన్ను గుడ్డతో తుడిచి చూడటం నేర్పండి, చాలు. తడి ఆరితే తెల్లమచ్చ తెలిసిపోతుంది.

లెక్కలమాస్టారు: సుడులు లేని బిడ్డ తల్లి మా వాడికేం భయం లేదనుకుంటే?

సుధ_పెడో: ముద్ర ఏదైనా చేయాల్సింది ఒకటే. మొదటి పన్ను రాగానే 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు బియ్యపుగింజంత, మూడేళ్లు దాటాక బఠాణీగింజంత, రోజుకు రెండుసార్లు. రాత్రి తోమాక నీళ్లే.

పాలపన్ను: సరే, తల్లిని నిలదీయడం ఆపుతారా? ముందు అది చెప్పండి.